వీపు మీద రెండు దెబ్బలు

నవ్వకు. ఆ వీపు ప్లేటు తీసి వ్యాను సీటు కిందికి తోశావు, నేను చూశాను. ఉక్కపోతట, గాలి ఆడడం లేదట. చెమట పడితే తుడుచుకుంటావు, వెన్ను విరిగితే ఏం తుడుచుకుంటావురా? తీసుకురా దాన్ని. జాకెట్లో పెట్టి జిప్పు వేసేదాకా నువ్వు బండెక్కవు. పెట్టుకుంటూ నేను చెప్పేది విను.

నా చెల్లెలికి ఇద్దరు కొడుకులు. పెద్దోడు, చిన్నోడు అనే పిలిచేవాళ్లం. తండ్రి లేని పిల్లలు. వాళ్ల బండ్లు వ్యానులో ఎక్కించుకుని ఇలాంటి ఎర్రమట్టి ట్రాకులకు నేనే తెచ్చేవాణ్ణి. మోకాలి గార్డులు, మోచేతి గార్డులు, మెడపట్టీ, బూట్లు, అన్నీ తొడిగితేనే కిక్కు కొట్టాలి. నా దగ్గర ఆ విషయంలో బతిమాలుళ్లు ఉండవు.

ఎవడి వీపు వాడికి కనపడదు కదా. అందుకని అన్న కట్లు తమ్ముడూ, తమ్ముడి కట్లు అన్నా బిగించేవాళ్లు. అంతా అయ్యాక వీపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేవాళ్లు. లోపల ప్లేటు ఉంటే టక్ టక్ మని చప్పుడే వినపడుతుంది, దెబ్బ ఒంటికి తెలియదు. అన్నీ బిగించాను, ఇక పో అని దానికి అర్థం.

"గట్టిగా కొట్టు అన్నయ్యా, దోమను తోలుతున్నావా?" అనేవాడు చిన్నోడు, ప్రతిసారీ.

"నీ వీపు దోమకు కూడా పనికిరాదు, పోరా" అనేవాడు పెద్దోడు.

ఒకరోజు పొద్దున ప్రాక్టీసులో పెద్దోడు రాయి మీద పడ్డాడు. ఒంటికేమీ కాలేదు గానీ ప్లేటు నిలువునా చీలింది. మధ్యాహ్నం పోటీ. ఇద్దరూ ఒకే పోటీలో దిగుతున్నారు. ఇంకో ప్లేటు లేదు. నాతో చెబితే పోటీ మానిపిస్తానని వాడికి తెలుసు. చిన్నోడు వ్యాను అవతల పెట్రోలు పోసుకుంటుంటే, వాడి జాకెట్లోంచి ప్లేటు లాగి తన జాకెట్లో పెట్టుకున్నాడు. జిప్పు మళ్లీ వేసేశాడు. తమ్ముడు నెమ్మదైనవాడు, పడడు, దూకుడుగా పోయేది నేనే కదా అనుకున్నాడట. తప్పు చేసేవాడు కారణాలను పిలవక్కర్లేదు. అవే వచ్చి పక్కన నిలబడతాయి.

తర్వాత తమ్ముడి కట్లు బిగించాడు. ఎప్పటిలా రెండుసార్లు కొట్టాడు. దూరం నుంచి చూశాను, చప్పుడు నాకు వినపడలేదు. చిన్నోడు బండి వైపు వేయబోయిన అడుగు ఆపాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"అన్నీ బిగించావా అన్నయ్యా?"

"బిగించాను."

చిన్నోడు అన్న ముఖంలోకి చూశాడు. దోమ మాట ఎత్తలేదు. "అయితే సరేలే" అని గాగుల్స్ కళ్ల మీదికి లాక్కున్నాడు.

రెండో గుట్ట దిగేటప్పుడు ఎవడిదో బండి ఎగిరొచ్చి చిన్నోడి వీపు మీద పడింది.

చిన్నోడు దక్కలేదు. ఆసుపత్రి వాళ్లు వాడి జాకెట్టు నా చేతికిచ్చారు. తేలిగ్గా ఉంది. తడిమి చూశాను. "ప్లేటు ఏదిరా?" అన్నాను. పడ్డప్పుడు జారిపోయి ఉంటుందన్నాడు పెద్దోడు. "జిప్పు వేసే ఉందిరా" అన్నాను. అక్కడే నేల మీద కూలబడి అంతా చెప్పాడు. "వాడికి తెలుసు మామయ్యా. నా చెయ్యి వాడి ఒంటికి తగిలింది. తెలిసే వెళ్లాడు" అన్నాడు.

నలుగురిలో అన్నను దొంగను చేయడం ఇష్టం లేక వెళ్లాడు, ఆ పిచ్చి వెధవ.

"ఇంటికెళ్లి మీ అమ్మకు చెప్పు. చెప్పాల్సింది నువ్వు, నేను కాదు" అన్నాను. తలూపాడు. చెప్పలేదు.

చెల్లెలు ఆ జాకెట్టు ఉతికి ముందుగదిలో చిన్నోడి కొక్కేనికే తగిలించింది. పక్క కొక్కేనికి పెద్దోడిది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి ముసురు పట్టి ఉంది. ఇంకా దీపం వేయలేదు. గదంతా తడి స్పాంజి వాసన, దాని అడుగున పెట్రోలు వాసన. చెల్లెలు గోడకానుకుని కూర్చుని ఉంది. పెద్దోడు గుమ్మంలో ఉన్నాడు.

"వాడి కట్లన్నీ బిగించావు కదా నాయనా?" అని అడిగింది. రోజూ అడుగుతుందట.

"బిగించానమ్మా."

థప్... థప్.

ప్లేటు చప్పుడు కాదది. మనిషి వీపు మీద అరచెయ్యి పడిన చప్పుడు. గోడకున్న చిన్నోడి జాకెట్టు చిన్నగా ఊగుతోంది. గదిలో గాలి లేదు. పెద్దోడు వీపు గోడకు అదిమిపెట్టి నిలబడిపోయాడు.

"ఇప్పుడైనా చెప్పు" అన్నాను వాడి చెవిలో.

"చెబితే అమ్మ బతకదు మామయ్యా."

అమ్మ మీద నెట్టాడు. భయం తనదే.

మరుసటి ఏడు మళ్లీ పోటీకి దిగుతానన్నాడు. కొత్త ప్లేటు నేనే పెట్టాను. నా చేత్తోనే కొట్టి చూశాను. టక్ టక్. ఈసారి చెల్లెలు కూడా వచ్చింది. వాడి ఎదురుగా నిలబడి, ఒక్కో పట్టీ తడిమి చూసింది.

"చిన్నోడికి కూడా ఇలాగే కట్టావా?"

వాడు నా వైపు చూశాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని వాడి బూటు బకిల్ పెడుతున్నాను. ఒక్క మాట నిజం చెబితే చాలు. తల్లి ఏడ్చేది, కొట్టేది, తర్వాత దగ్గరికి తీసుకునేది. తల్లి కదా.

"ఇలాగే కట్టానమ్మా."

థప్... థప్.

వాడి ముఖంలో నెత్తురు లేదు. వెనక ఎవరూ లేరు. ఖాళీ ట్రాకు, అంతే.

"మామయ్యా... మీరా?" అన్నాడు గుసగుసగా.

"నా చేతులు నీ కాళ్ల దగ్గరున్నాయి."

"ప్లేటు లేదు... చూడండి... లేదు..."

లేచి వీపు మీద చెయ్యి వేశాను. బిగువుగా ఉంది. "ఉందిరా" అన్నాను.

"మరి నాకు తగిలిందే..."

దిగమన్నాను. జెండా ఊగింది. వినకుండా పోయాడు.

వాడు పడలేదు. ఎవరూ తగల్లేదు. చదునైన దారిలో బండి దానంతటదే నెమ్మదించి గడ్డివైపు ఒరిగింది. మేం లేపబోతే కాళ్లు గుడ్డల్లా వేలాడాయి. ప్లేటు మీద గీత కూడా లేదు. వెన్ను విరిగిందన్నాడు డాక్టరు. చోటు చెప్పాడు. ఆ చోటు నేను అంతకుముందు విన్నాను, చిన్నోడి గురించి.

ఇప్పుడు వాడు మంచం మీద బోర్లా పడుకుని ఉంటాడు. ఛాతీ కిందంతా మొద్దుబారిపోయింది. చెల్లెలు పూటపూటకూ వాడి వీపు తుడుస్తుంది. మొన్న నన్ను పక్కకు పిలిచి అడిగింది:

"అన్నయ్యా, గడప దాటని పిల్లాడు... వీడి వీపుకు రోజూ ఈ ఎర్రమట్టి ఎక్కడిది?"

లోపలికెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. చెల్లెలు వెనకే వచ్చి తడిగుడ్డ పక్కన పెట్టి, వట్టి చేత్తో వాడి వీపు నిమురుతోంది.

"అమ్మ లేచి వెళ్లిందా మామయ్యా?" అన్నాడు కళ్లు మూసుకుని.

"నీ వీపు మీదే ఉందిరా ఆమె చెయ్యి."

వాడి కళ్లలోంచి నీళ్లు దిండు మీదికి కారాయి.

"తెలియడం లేదు మామయ్యా" అన్నాడు. "వాడు కొట్టేవి మాత్రమే తెలుస్తాయి."