అమ్మమ్మ మొక్కకు అజీర్తి

“బాటిల్ ఖాళీ చేశావా?” వంటింట్లోంచి అమ్మ కేక వేసింది.

“ఆఁ, ఎప్పుడో!” అంది బుడంకాయ. అది ఇంట్లో పేరు. బడిలో ఎవరికీ తెలియనివ్వదు.

అంటూనే బడికి తీసుకెళ్లిన బాటిల్లో సగం మిగిలిపోయిన నీళ్లను కిటికీ దగ్గరున్న అమ్మమ్మ మొక్కలో గుమ్మరించింది. రోజూ ఇదే పని. నీళ్లు మిగిల్చుకొస్తే అమ్మ గంటసేపు క్లాసు పీకుతుంది. మొక్కకు పోస్తే తిట్లూ తప్పుతాయి, పుణ్యమూ వస్తుంది!

కానీ ఇవాళ మొక్క వాలకమే మారిపోయింది. ఆకులు పసుపు రంగుకు తిరిగి వేలాడిపోతున్నాయి. ఒకటి పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది.

అది తాతయ్య ఆఖరిసారి కొనితెచ్చిన మొక్క. అమ్మమ్మకు అదంటే ప్రాణం. మోకాలి ఆపరేషన్‌కి ఆస్పత్రికి వెళ్తూ, “నేను వచ్చేదాకా దీనికి నువ్వే దిక్కు,” అని బుడంకాయకు అప్పగించింది. నీళ్లు పోసే పని మాత్రం అమ్మకు చెప్పింది. రేపే తిరిగొస్తోంది.

“పాపం, దాహమేమో,” అనుకుని బుడంకాయ ఇంకో చెంబు పోసింది.

సాయంత్రం అమ్మమ్మ వీడియో కాల్ చేసింది.

“ఏదే నా మొక్క? చూపించు.”

బుడంకాయ ఫోన్ పైకి తిప్పింది.

“ఫ్యాన్ బాగానే ఉంది. మొక్క చూపించవే!”

ఇక తప్పలేదు. చూపించేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. “చచ్చిపోయింది అమ్మమ్మా!”

“అప్పుడే చెప్పేశావా డాక్టరమ్మా? ముందు మట్టిలో వేలు పెట్టి చూడు.”

“బురదగా ఉంది.”

“వాసన?”

“ఛీ, మురుగు కంపు!”

“అయితే దాహం కాదే, అజీర్తి! నీళ్లు ఎక్కువైనా ఆకులు వాలిపోతాయి. ఎవరు పోస్తున్నారు అన్నేసి నీళ్లు?”

“నేను ఆదివారం ఒక్కసారే పోశానమ్మా, నువ్వు చెప్పినట్టే,” అంది పక్కకొచ్చిన అమ్మ.

బుడంకాయ తల దించుకుంది. “నా బాటిల్లో మిగిలినవి... రోజూ... అమ్మ తిడుతుందని...”

అమ్మ నోరు తెరిచేలోపే అమ్మమ్మ పకపకా నవ్వింది. “మీ అమ్మకు భయపడి నా మొక్కను ముంచావా! తిట్లు తర్వాత. ముందు వేర్లు చూడండి.”

అమ్మ పాత పేపర్ పరిచి కుండీ బోర్లించింది. వేర్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. ముట్టుకుంటే చాలు, తెగి వచ్చేస్తున్నాయి. బుడంకాయ తడి మట్టిని మెల్లగా రాల్చింది. నడిమధ్యలో ఏవో గట్టిగా తగిలాయి.

“అమ్మమ్మా! ఇక్కడ తెల్లవి ఉన్నాయి!”

“అయితే బతుకుతుంది పో! నల్లవి కత్తిరించేసి పొడిమట్టిలో పెట్టండి. నేను చెప్పేదాకా చుక్క పోయొద్దు.”

బుడంకాయకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్లి కత్తెర తెచ్చింది.

మర్నాడు అమ్మమ్మ చేతికర్రతో నడుచుకుంటూ నేరుగా కిటికీ దగ్గరికే వెళ్లింది. ఉన్న నాలుగాకులూ నిమిరి, “మేమిద్దరం కోలుకోవడానికి కాస్త టైం పడుతుందిలే,” అంది. బుడంకాయ ఆమె నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది.

కొన్నాళ్లకు అమ్మమ్మ మళ్లీ నీళ్లు పోయనిచ్చింది. ఒక సాయంత్రం బుడంకాయ బడి నుంచి వచ్చేసరికి ఒక ఆకు కాస్త వాలినట్టు అనిపించింది. చేతిలో సగం నిండిన బాటిల్ ఉంది.

“బాటిల్ ఖాళీ చేశావా?” అమ్మ కేక వినిపించింది.

బుడంకాయ మట్టిలో వేలు పెట్టి చూసింది. ఇంకా తడిగానే ఉంది.

“లేదమ్మా, ఒక్క నిమిషం!” అని అరిచి, మూత తీసి, మిగిలిన నీళ్లన్నీ గటగటా తానే తాగేసింది.