మోతీనగర్ కార్డు

బోరబండ సేఫ్‌హౌస్‌లో తలుపు తీసిన ఏజెంట్ హనుమంతు తూటా తగిలి గుమ్మంలోనే కూలిపోయాడు. ఆ అడ్రస్ తెలిసింది ముగ్గురికే. ముగ్గురూ డిపార్ట్‌మెంట్ వాళ్లే.

"మీ తమ్ముడు వెనక గదిలోంచి దూకి బతికాడమ్మా," అన్నారు ఛీఫ్ వీరరాఘవయ్య, రష్మితో. ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఆఫీసు పైకి డబ్బింగ్ థియేటర్. "తిరుమలేశ్ రేపు రాత్రి ఢిల్లీ చేరి నోరు విప్పాడంటే ఆర్కిడ్ గ్యాంగ్ మొత్తం లోపలికే. ఈలోగా మనలో దొంగెవరో తేల్చు."

రష్మి కవర్ ఉద్యోగం గేమ్ డిజైన్. గుంపులో దొంగను మాటల్ని బట్టి పట్టుకునే ఆటలు తయారుచేస్తుంది. ఎవరికి ఎంత తెలియాలి, ఏది తెలియకూడదు, అదే ఆమె విద్య. ఈసారి పందెం మాత్రం తమ్ముడి ప్రాణం.

మర్నాడు పొద్దున్నే జూబ్లీహిల్స్ బంగళాలో, సెక్యూరిటీ డ్రిల్ పేరుతో ఆట మొదలైంది. అడ్రస్ తెలిసిన ఆ ముగ్గురూ వచ్చారు: పైకి ప్రొడక్షన్ మేనేజర్ జగదీశ్, కాస్ట్యూమ్ డిజైనర్ మంజులత, హీరోయిన్ పూజిత. తలా ఒక కార్డు. తిరుమలేశ్ ఎర్రగడ్డ షూటింగులో ఉన్నాడని మంజులతకు, యూసుఫ్‌గూడ షూటింగులో అని పూజితకు, మోతీనగర్ షూటింగులో అని జగదీశ్‌కు. అన్నింటి కిందా ఒకటే వాక్యం: గుమ్మడికాయ కొట్టగానే బయల్దేరతాడు.

మోతీనగర్ నిజం. తిరుమలేశ్‌ను తీసుకెళ్లే వ్యాన్ జగదీశ్‌దే మరి; ఆ సంగతి అందరికీ తెలుసు.

రూల్ ఒక్కటే. ఇష్టమైతే పక్కవాళ్ల కార్డు ఒకటి చూడొచ్చు. మంజులత పూజితది చూసింది. పూజిత నవ్వుతూ జగదీశ్‌ది లాక్కుంది. జగదీశ్ ఎవరిదీ అడగలేదు.

రష్మికి అక్కడే అనుమానం తగిలింది. అన్నీ తెలిసినవాడే ఏమీ అడగడు. ఆమె ఆటల్లో దొంగలందరూ అలాగే దొరికారు.

ఫోన్లు తిరిగిచ్చి టిఫిన్ బ్రేక్ అంది. కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతూ, మోతీనగర్ సంగతి ఇప్పుడు ఇద్దరికి తెలిసిపోయింది, ఆ రూల్ ఎందుకు పెట్టానా అని తనను తానే తిట్టుకుంది. కాసేపటికి వీరరాఘవయ్య విసురుగా లోపలికొచ్చి జగదీశ్ కణతకు పిస్టల్ ఆనించారు.

"మోతీనగర్ సెట్ ముందు అంబులెన్స్ ఆగింది. లోపల నలుగురు. ఎవరి సిగ్నల్ కోసమో చూస్తున్నారు. మనవాళ్లు కదిలితే కాల్చేస్తారు. కార్డు వీడిది!"

"సార్, నాకేం తెల్వదు! మా పిల్లల మీద ఒట్టు!" జగదీశ్ రెండు చేతులూ పైకెత్తాడు.

"సార్, జర ఆగుండ్రి," అంది రష్మి. ఏదో పొసగడం లేదు. అక్కడ ఇంకా ఫస్ట్ షాట్ కూడా కాలేదు. వాళ్లు ఇప్పుడే ఎందుకొచ్చారు?

చటుక్కున వెలిగింది. ఒకరు జవాబు చెబితే మిగతావాళ్లు విని అదే అంటారు. అందుకని మోతీనగర్ కార్డు చూసిన రెండో మనిషినే ముందు అడిగింది.

"పూజితా, గుమ్మడికాయ ఎప్పుడు కొడతరు?"

పూజిత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీస్తోంది. "ఇదేం ప్రశ్న అండీ? పని మొదలుపెట్టేముందు. దిష్టి తగలకుండా. షాప్ ఓపెనింగుల్లో ఎన్నిసార్లు చూశానో."

మంజులత చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. జగదీశ్ పిస్టల్ సంగతే మరిచి తల తిప్పాడు.

లిప్‌స్టిక్ అడుగున ఎర్ర లైటు వెలుగుతోంది. పూజిత బొటనవేలు బటన్ మీద ఆనింది. రష్మి టేబుల్ మీదుగా దూకి ఆ మణికట్టు విరిచి పట్టుకుంది. లిప్‌స్టిక్ సాంబారు గిన్నెలో పడి బుస్సుమని ఆరిపోయింది.

మోతీనగర్‌లో లైట్‌బాయ్ వేషంలో ఉన్న కమాండోలు వెనక నుంచి అంబులెన్స్‌ను చుట్టుముట్టారు. సిగ్నల్ కోసం సెల్‌ఫోన్లలో తల దూర్చిన నలుగురూ తుపాకులు ఎత్తేలోపే దొరికిపోయారు. ఛీఫ్ ఫోన్ స్పీకర్‌లో తిరుమలేశ్ గొంతు వినబడింది. "అక్కా, నేను మంచిగున్న." రష్మి నేలమీదే కూలబడి ఏడ్చేసింది.

వీరరాఘవయ్య పిస్టల్ జేబులో పెట్టుకుంటూ తలగోక్కున్నారు. "గుమ్మడికాయ షూటింగు పూర్తయ్యాక కదా కొట్టేది. మన ఫీల్డులో చంటిపిల్లాడికీ తెలుసు. ఈవిడకి తెలీకపోవడం ఏంటయ్యా?"

జగదీశ్ కణత రుద్దుకున్నాడు.

"ఎట్ల తెలుస్తది సార్? చేసినయి రెండు పిక్చర్లు. రెండూ మధ్యల్నే ఆగినయ్."