నాలుగు వందల పది మీటర్ల తేడా

బసవపున్నయ్యను చంపినవాళ్లు అతని లాప్‌టాప్‌ను ముట్టుకోలేదు. పద్మావతమ్మకు అనుమానం వచ్చింది అక్కడే.

"దొంగలైతే లాప్‌టాప్ పట్టుకెళ్తారు. వీళ్లు మనిషిని వైరా రిజర్వాయర్‌లోకి తోసి, లాప్‌టాప్ గట్టు మీద వదిలేశారు. అంటే అందులో చెయ్యాల్సిన పని అప్పటికే చేసేశారు," అందావిడ.

2007 మార్చి. ఖమ్మం బస్టాండ్ ఎదుట జిరాక్స్ షాపు, దాని వెనక గది. సీక్రెట్ సర్వీస్ అంటే ఏసీలూ ఎర్ర ఫోన్లూ ఊహించుకునేవాళ్లు ఆ గది చూస్తే ఏడుస్తారు. ఏజెంట్ బలరాం మాత్రం అలవాటుగా కాగితాల కట్టల మీద కూర్చున్నాడు. పుట్టింది టేకులపల్లి తండాలో. అందుకే ఆ అడవి కేసులన్నీ అతని నెత్తినే పడతాయి.

"ఏం పని మేడమ్?"

"జియోబాట అని ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఏ మ్యాప్ సాఫ్ట్‌వేర్ అయినా వాడుకోగల కోడ్. ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు, ఉచితం. పాత సర్వే పటంలోని చోటును జీపీఎస్ లెక్కలోకి మార్చే సూత్రం బసవపున్నయ్య రాశాడు. చనిపోయే ముందు నాకు మెయిల్ పెట్టాడు: 'టెస్టులన్నీ పాస్. అయినా ఎక్కడో తప్పుంది.'"

"లాభం ఎవరికి?"

"ఒక విదేశీ ముఠాకి. వాళ్ల దగ్గర తాళం వేసిన మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఉంది. కొన్న దేశం మ్యాపులన్నీ దొంగదారిన వాళ్లకు చేరతాయి. జియోబాట పరువు పోతే తప్ప వాళ్ల సరుకు ఎవడూ కొనడు. రేపు మణుగూరులో జియోబాటను స్టాండర్డ్‌గా గుర్తించడానికి వర్క్‌షాప్. ప్రెజెంటేషన్ ఇచ్చేది శ్యామల. స్టాండర్డ్స్ కమిటీలో మన మనిషి."

"మన మనిషేనా?"

పద్మావతమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. "అది నువ్వే చూసి చెప్పు."

మర్నాడు బలరాం వేషం ప్రొజెక్టర్ ఆపరేటర్. బల్బు పోయేదాకా అతని ముఖం ఎవరూ చూడరు. చేతిలో టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో సాంబారన్నం, అడుగు గిన్నెలో జీపీఎస్.

శ్యామల నెమలికంఠం రంగు చీరలో వేదికెక్కింది. భద్రాచలం నుంచి వచ్చిన ఆఫీసర్లు స్లైడ్లకంటే ఆమెనే ఎక్కువ చూశారు.

"మూడు వందల పన్నెండు టెస్టులు. అన్నీ పాస్!" అంది. తెరంతా పచ్చని టిక్కులు. "నాలుగింటికి లైవ్ డెమో. బొగ్గు జాడ తీయడానికి అడవిలో ఒక బోరులో మందుగుండు దించాం. చోటు చెప్పింది జియోబాటే. చుట్టూ పొదలు తప్ప మనుషులు లేరు. ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ పేలుతుంది. నేల అదురు మీరిక్కడే చూస్తారు."

చప్పట్లు. ఇన్ని టిక్కుల్లో ఒక్క ఎర్రమచ్చయినా లేకపోవడం బలరాంకు నచ్చలేదు. లంచ్ బ్రేక్‌లో శ్యామల లాప్‌టాప్‌లో జియోబాట ఇచ్చిన అంకెలను చీటీ మీద రాసుకుని, క్యారియర్‌ను బైక్ హ్యాండిల్‌కు తగిలించి, అడవిలోకి పోనిచ్చాడు.

గుట్ట మీద పాతకాలపు సర్వే రాయి ఉంది. దాని చోటు సర్వే రికార్డులో ఉంది. రాయి పక్కన ముసలయ్య కూర్చున్నాడు. ఒకప్పుడు సర్వే పార్టీలో గొలుసులు మోసిన ఖలాసీ, ఇప్పుడు పద్మావతమ్మ మనిషి.

"ఇప్పపూలు ఎండినయా?" కోడ్‌వర్డ్ అడిగాడు బలరాం.

ముసలయ్య తల గోక్కున్నాడు. "జవాబేందో యాది లేదు సారూ. పట్నంకెల్లి అమ్మ పంపిన మనిషివి నువ్వేనా?"

"అవ్," అన్నాడు బలరాం. ఇంకేం చేస్తాడు!

జీపీఎస్ రాయి మీద పెట్టాడు. రికార్డులోని చోటును జియోబాట మార్చి చెప్పిన, చీటీ మీది అంకె ఒకటి, రాయి దగ్గర దొరికిన అంకె ఇంకొకటి. తేడా నాలుగు వందల పది మీటర్లు. సూత్రంతోపాటు టెస్టుల జవాబులు కూడా మార్చేశారన్నమాట.

"ముసలయ్యా, వాళ్లు పొదలల్ల ఏసినమన్న బోరు నాలుగు వందల మీటర్లు పక్కకు జరిగితే యాడికొస్తది?"

"మొన్న మా గూడెంలనే బోరేసిండ్రు సారూ. నీళ్లు పడలేదన్నరు. గొట్టం దింపి, పైన డబ్బా బిగించి, ముట్టొద్దని పోయిండ్రు. మా ఇంటిది జంపక్క ఆ బోరు పక్కనే ఇప్పపువ్వు ఎండవెడ్తది."

గూడెం పేలితే నింద జియోబాట మీదే పడుతుంది; అంటే శ్యామల ముఠా మనిషే! టైం మూడూ పది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. గూడెం వాగు అవతల, బైక్ పోదు.

"అది నీళ్ల బోరు గాదు, బాంబు! ఊరంత ఖాళీ చేయించు, జల్దీ!"

ముసలయ్య చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

నాలుగింటికి ఇంకా నాలుగు నిమిషాలు. హాల్ గుమ్మంలో నల్లద్దాలవాళ్లిద్దరు. "బల్బు మార్చాలె," అని బలరాం లోపలికి దూరాడు. శ్యామల వేదిక మీద, చేతిలో రిమోట్. లాప్‌టాప్ మాత్రం ప్రొజెక్టర్ బల్ల మీదే ఉంది. వైరు పీకితే? ఆమె నడుముకు శాటిలైట్ ఫోన్ ఉంది. అనుమానం వస్తే దాంతోనే పేల్చేస్తుంది.

ముందు వరసలో ఓ రిటైర్డ్ సర్వేయర్ లేచాడు. "అక్షాంశం ముందా, రేఖాంశం ముందా అమ్మా?"

శ్యామల నవ్వింది. "కమిటీలో ఏళ్ల తరబడి కొట్లాట అదే సార్! మా ఫైల్‌లో అక్షాంశమే ముందు. బోరు మీది డబ్బా తన అంకెలు అదే వరసలో వింటేనే పేలుతుంది."

బలరాంకు ఇంకేం కావాలి! బల్బు మార్చే నెపంతో తెర ఆర్పి, ఫైల్ తెరిచాడు. పదిహేడు ముందుంది, ఎనభై వెనకుంది. ఎనభైని ముందుకు తెచ్చి సేవ్ కొట్టి, తెర వెలిగించాడు. శ్యామల బటన్ నొక్కింది.

నేల అదురు చూపే గ్రాఫ్ కదల్లేదు. తెర మీది మ్యాప్ మాత్రం మణుగూరును వదిలి, సముద్రాలు దాటి, ఉత్తర ధ్రువం దగ్గర మంచులో ఆగింది. హాల్ గొల్లుమంది. శ్యామల చెయ్యి నడుము మీదికి వెళ్లేలోగా టిఫిన్ క్యారియర్ వెళ్లి ఆమె మణికట్టుకు తగిలింది. నెమలికంఠం చీర నిండా సాంబారు. టీలు అందించే వేషంలో పద్మావతమ్మ ముందే పెట్టిన మఫ్టీ కానిస్టేబుళ్లు నల్లద్దాలవాళ్లను పట్టుకున్నారు.

"టెస్టులన్నీ పాసయ్యాయి కదా!" అందామె పళ్లు కొరుకుతూ.

"ప్రశ్న రాసినవాళ్లే పేపరూ దిద్దుకుంటే అందరూ పాసే మేడమ్."

ఐదున్నరకు బాంబ్ స్క్వాడ్‌తో బలరాం గూడెం చేరాడు. జనమంతా వాగు ఒడ్డున ఉన్నారు. ముసలయ్య, జంపక్క మాత్రం బోరు పక్కనే కూర్చుని ఉన్నారు.

"మా ముసల్ది కదల్లే సారూ. పువ్వు ఇడిసిపెడితే కోతులు తింటయన్నది."

"మరి నువ్వెందుకున్నవ్?"

"దీన్ని ఇడిసి యాడికి పోవాలె?" అన్నాడు ముసలయ్య, అదేం ప్రశ్న అన్నట్టు.

స్క్వాడ్ డబ్బా వైర్లు కోసేసింది. బలరాం అక్కడే వాళ్ల పక్కన కూలబడి, పద్మావతమ్మకు వైర్‌లెస్ కలిపాడు.

"పేలిందా?"

"లేదు మేడమ్. ఆర్డర్ ఉత్తర ధ్రువానికి పోయింది."

"అక్కడెవరైనా ఉంటారా?"

"తెల్ల ఎలుగుబంట్లు, మేడమ్. జంపక్క లాంటివైతే అవి కూడా కదలవు."