కారణం లేని కదలిక

2084 నాటికి జాగ్రఫీ చదివినవాళ్లకు ఉద్యోగం ఒక్కటే మిగిలింది. హంసవేణి డిగ్రీ చదివే రోజుల్లో వాళ్ల లెక్చరర్ బోర్డు నిండా పద్నాలుగు ఉద్యోగాలు రాసింది. పట్టణ ప్రణాళిక, వాతావరణ సూచన, సర్వే, పర్యాటకం, పాఠాలు చెప్పడం... "దారులు బోలెడు, మీదే ఆలస్యం" అని సుద్దముక్క పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. పాపం, ఆవిడకేం తెలుసు! ఆ దారులన్నిటినీ భూదర్పణం ఒక్కటే మింగేసింది.

భూదర్పణం అంటే ప్రాణమున్న పటం అనుకోండి. ఆకాశంలో ఉపగ్రహాలు, నేల మీద ఆవగింజంతేసి రేణు సెన్సర్లు. గుత్తి కొండ మీద రాయి దొర్లితే పటంలోనూ దొర్లుతుంది. వానకు దొర్లిందో, లారీ అదురుకు దొర్లిందో కూడా అదే చెబుతుంది. దానికి చేతకానిది ఒక్కటే. జనం ఏకాంతాన్ని కాపాడాలని చట్టం చేసి, దానికి మనుషులు కనబడకుండా చేశారు. రాయి కనబడుతుంది, రాయెత్తిన చెయ్యి కనబడదు. కారణం దొరకని ప్రతి కదలికనూ అది 'సందేహం' అని రాసుకుంటుంది. అప్పుడు ఒక మనిషి స్వయంగా వెళ్లి, చూసి, కారణం రాయాలి. ఆ మనిషి పేరు నేలసాక్షి. ఉద్యోగానికి నియమాలు రెండే: అబద్ధం రాయకూడదు, తన ఇంటిని తానే సరిచూసుకోకూడదు. సాక్షి ఇంటి దగ్గర సందేహం వస్తే పక్క సర్కిల్ సాక్షి రావాలి.

తొమ్మిదేళ్లుగా హంసవేణి మొదటి నియమం తప్పలేదు. ఆ సంగతి మెచ్చుకునేందుకు ఎవరూ లేరు, అది వేరే మాట. పత్తికొండ శివార్లలో ఆమె క్వార్టర్ ఒక్కటే ఉంది. వంట ఒక్కరికే, మాటలు వాహనంతోనే.

ఆ రోజు మధ్యాహ్నం వాహనం ఆమెను గుత్తి అవతల గాలిమరల గుట్ట మీద దింపింది. మరలు తమను తామే బాగుచేసుకుంటాయి. అయినా వందమరలకు ఒక మనిషి కాపలా ఉండాలని పాత నిబంధన. ఆ ఒక్క మనిషి ఓబులేసు. యాభై దాటినవాడు. అతని గది పక్కనున్న రాళ్లగోడ మూడడుగులు జరిగిందని సందేహం. ఈ ఏడాదిలో ఇది మూడోసారి.

"రాండి మేడమ్, రొట్టెలు చేసినా. వేడిమీదుండాయి" అన్నాడు ఓబులేసు.

తను వస్తున్నట్టు ఎవరూ అతనికి చెప్పలేదు. హంసవేణి గోడ దగ్గర వంగింది. ఏళ్ల తరబడి ఎండ తగిలిన రాయి పైన నల్లబడుతుంది. ఇక్కడ నలుపు కిందికి పోయింది, మట్టి అంటిన తెల్లవైపు పైకి వచ్చింది.

"ఓబులేసన్నా, ఈ గోడ ఎవరు జరిపారు?"

"నేలే జారింటాది. పోయినసారి మీరే గదా చెప్తిరి."

"నేల జారితే గోడ మొత్తం జారుతుంది. రాళ్లు ఒక్కొక్కటీ బోర్లా పడతాయా?"

ఓబులేసు తల దించుకున్నాడు. "ఈడ మనిషి మాట విని నాలుగు నెలలాయ మేడమ్. గోడ జరిపితే మీరొస్తారని తెలిసె. మీరొస్తే ఒక పూటన్నా మాట్లాడొచ్చు. తప్పే. రాసుకోండి."

కారణం 'మనిషి' అని రాస్తే ఆ చోటు జాబితాలోంచి పోతుంది. ఇక అక్కడికి ఏ సాక్షీ రాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆమె వాహనంలోకి వచ్చి కూర్చుని భూదర్పణాన్ని అడిగింది. "నా తొమ్మిదేళ్ల సందేహాల పక్కన ఏముందో చెప్పు."

"రెండు వందల పన్నెండు సందేహాలు. ప్రతిదాని పక్కనా ఒక ఇల్లు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. ఒక్క పొయ్యి వేడి. ఇంట్లో ఎవరున్నారో నేను చూడకూడదు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. ప్రతిసారీ 'నేల జారుడు' అని రాశారు. మీరు జాగ్రఫీ చదివారు, నమ్మాను."

హంసవేణికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. యంత్రానికి చట్టం అడ్డం. తనకేం అడ్డం వచ్చింది? ఆలూరు దగ్గర ఒకామె రెండో టీ పెడతానని కొంగు పట్టుకున్నంత పనిచేసింది. తను నేల కొలిచి, టైమైందని వచ్చేసింది.

తిరిగి వెళ్లి రొట్టె తింది. రెండోదీ వేయించుకుంది. పొద్దు వాలేదాకా ఓబులేసు మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె వింటూనే ఉంది. లేచేముందు అతని ఎదుటే నివేదిక పలికింది. "కారణం: నేల జారుడు. మళ్లీ జారే అవకాశం ఉంది. నెలకోసారి సరిచూడాలి."

ఓబులేసు రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు పొద్దున్నే హంసవేణి తన క్వార్టర్ ముందు నిలబడింది. పక్కది ఆదోని సర్కిల్. అక్కడి సాక్షి గౌసియా. తొమ్మిదేళ్లలో ఆ పేరును నివేదికల కింద సంతకంగా చూడడమే తప్ప మనిషిని చూసింది లేదు. వాకిలి ముందు హద్దుగా పేర్చిన రాళ్లను ఒక్కొక్కటే ఎత్తి మూడడుగులు జరిపింది. ప్రతి రాయినీ నల్లబడిన వైపు కిందికి వచ్చేలా బోర్లించింది. వచ్చేది జాగ్రఫీ చదివిన మనిషే కదా, చూడగానే తెలిసిపోవాలి.