గడియ లేని బూతు

"మొన్న సోమవారం తీసిన సబ్బు అప్పుడే గింతైందా? చీరలకు రుద్దుతున్నవా, బండకు రుద్దుతున్నవా అత్తమ్మా?"

సుగుణమ్మ కోడలి చేతిలోని సబ్బుముక్క లాక్కుంది. "నా చీర నేనే పిండుకుంట. నీకేం నొప్పే?"

నిర్మల బట్టల తీగ దగ్గరికి నడిచింది. రెండు నెలలుగా అత్త అందరికంటే ముందే లేచి తన చీరలు తానే ఉతుక్కుంటోంది. ఇప్పుడు తీగ మీది అత్త చీర సర్దబోతే కుచ్చిళ్ల దగ్గర వదలని ఎర్రమరక కనిపించింది. అత్తకు ముట్లుడిగి ఏడేళ్లు.

"ఇదేంది అత్తమ్మా? డాక్టరమ్మకు చెప్పలేదా?"

"కొడుకు నోటితోని ఎట్ల చెప్పియ్యాలె?" సుగుణమ్మ ముఖం తిప్పుకుంది.

ఆమె కొడుకు పరమేశ్వర్ మగ్గాన్ని లోపలికి జరిపి, ముందుగదిలో ఎస్టీడీ బూతు పెట్టి ఏడాదైంది. బుధవారం మధ్యాహ్నాలు నల్గొండ డాక్టరమ్మ ఫోనులో రోగుల బాధ వినేది. పని మానుకుని బస్సెక్కలేని కట్టంగూరు వాళ్లకు అదే దవాఖాన. ఆడవాళ్ల జబ్బైనా రిసీవరు పట్టేది మగవాళ్లే. రెండుసార్లు తల్లిని వెనకాల నిలబెట్టుకుని "నడుము నొప్పంటుందమ్మా" అన్నాడు పరమేశ్వర్. రెండుసార్లూ డాక్టరమ్మ నొప్పి మాత్రల పేరే చెప్పింది.

ఆ రోజు బుధవారమే. నిర్మల అత్తను వెంటబెట్టుకుని బూతులోకి వచ్చి రిసీవరు అందుకుంది.

"ఏందే గిది? బయట మంది కూసున్నరు!" అన్నాడు పరమేశ్వర్.

"నువ్వు జర బయటికి పో. అత్తమ్మ మాట్లాడతది."

"నేను చెప్పిన కద!"

"నీకు తెలిసింది చెప్పినవ్. ఆమెకున్నది చెప్పలె."

బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్న బీరప్ప నవ్వాడు. "లేవు పరమేశూ, ఇగ బూతు కోడలిదే!"

పరమేశ్వర్ ముఖం మాడింది. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"ఇజ్జత్ పోతదనే ఆమె రెండు నెలల సంది నెత్తురు చీరలు దాసుకుంట పిండుకుంటాంది," అంది నిర్మల, అతనికి మాత్రమే వినబడేలా.

అతను తల్లి వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది. పరమేశ్వర్ బయటికి వెళ్లి గడియ లేని తలుపు దగ్గరికి లాగి, అది తెరుచుకోకుండా వీపు ఆనించి నిలబడ్డాడు.

సుగుణమ్మ రెండు చేతులా రిసీవరు పట్టుకుంది. మొదట చీర మీది మరక సంగతి చెప్పింది. తర్వాత అంతా చెప్పింది.

"ఇది ఫోనులో తేలేది కాదమ్మా," అంది డాక్టరమ్మ. "పరీక్ష చేయాలి. రేపే రండి."

పొద్దుగూకాక అన్నాల దగ్గర పరమేశ్వర్ ముద్ద ఎత్తలేదు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"బెంచీ మీద నలుగురు ఇంటుంటె అడిగితివి బిడ్డా."

అతని కళ్లలోంచి నీళ్లు కంచంలో పడ్డాయి. సుగుణమ్మ అతని అన్నంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"తిను. రేపు మొదటి బస్సుకు నేను, కోడలు పోతున్నం. ఏం తేలుతదో తెల్వదు. నేనున్నా లేకున్నా, బుధారం నువ్వు మగ్గం మీద కూసో. ఫోను కాడ నిర్మలుంటది. ఊర్ల ఆడోళ్లు వాళ్ల బాధ వాళ్లే చెప్పుకుంటరు. ఆ తలుపుకు గడియ పెట్టియ్యి. లోపల్నుంచి పడేది."