కామెంట్రీ గదిలో రెండో కుర్చీ

ఆ స్పోర్ట్స్ చానల్లో చివరి కామెంట్రీ గది పేరెత్తితే చాలు, మగ కామెంటేటర్లందరికీ గొంతు నొప్పి వచ్చేసేది. మ్యాచ్ ఎక్కడో జరుగుతుంది, వీళ్లు ఈ గదిలో తెర చూస్తూ కామెంట్రీ చెబుతారు. రెండు కుర్చీలు. రాత్రిపూట ఒక్కరే కూర్చుంటే రెండోదాంట్లోంచి గొణుగుడు వినిపించేదట...

నవ్వకండి. ఇది మా పిన్ని చెప్పింది. ఆవిడ నోరు పెద్దదే గానీ అబద్ధమాడదు.

ఆ కుర్చీ అక్కడ కామెంట్రీ చెప్పే ఓ పెద్దాయనది. అప్పట్లో ఆడపిల్లల వాలీబాల్ ఫైనల్. ఆఖరి సెట్టు. "బంతి లేచింది—" అని ఆయన అంటుండగానే పైనుంచి ఆర్డరు: ఆపెయ్, క్రికెట్ కబుర్లు వెయ్యాలి. కట్ చేసేశారు. మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ వారమే ఆయన పోయాడు.

ఆ బంతి కొట్టడానికి గాల్లోకి ఎగిరింది ఎవరనుకున్నారు? మా పిన్నే! కొట్టింది, గెలిచింది. టీవీ ముందు కూర్చున్న మా అమ్మమ్మ మాత్రం అది చూడలేకపోయింది. ఆ మంట పిన్నికి ఇప్పటికీ చల్లారలేదు. అందుకే పట్టుబట్టి మరీ ఆ చానల్లోనే కామెంటేటరైంది.

పోయిన నెల మళ్లీ ఆడపిల్లల ఫైనల్. అర్ధరాత్రి కావస్తోంది. పిన్ని ఒక్కతే ఆ గదిలో. ఆఖరి సెట్టు... ఇంకొక్క పాయింటు...

హెడ్‌ఫోన్‌లో మేనేజర్ గొంతు. "ఇక చాలమ్మా. క్రికెట్ వాళ్లు రెడీగా ఉన్నారు."

పిన్ని మైకుకి చెయ్యడ్డం పెట్టి, "ఆపను" అంది.

"లైన్ కట్ చేయిస్తా."

"చేయించుకోండి. నా నోరు మూయించలేరుగా!"

చెవిలో టక్‌మంది. నిశ్శబ్దం... ఎదురుగా తెర మీద ఆట మాత్రం నడుస్తోంది. ఎవరూ వినకపోయినా సరే, చెప్పే తీరతాననుకుంది.

అంతలో — పక్క కుర్చీ కిర్రుమంది.

పిన్నికి లేచి పరుగెత్తాలనిపించింది... లేవలేదు. తల కూడా తిప్పలేదు.

"ఎవరైతే నాకేంటి? మ్యాచ్ అయ్యేదాకా కదల్ను" అంది పళ్ల బిగువున.

"చెప్పమ్మా..." అని చాలా నెమ్మదిగా వినిపించింది.

చెప్పింది. గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది. అమ్మాయిలు గెలిచారు.

బయటికొస్తే కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌కి చెమటలు కారిపోతున్నాయి. "అక్కా, నేను కట్ బటన్ నొక్కుతూనే ఉన్నాను... టీవీలో మ్యాచ్ ఆగలేదు."

అప్పుడే ఫోన్. అమ్మమ్మ. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"చూశానే! మొత్తం చూశాను. అవునూ... నీ పక్కన మాట్లాడింది ఆ పెద్దాయనే కదూ? ఈసారి 'బంతి లేచింది' అని ఊరుకోలేదు. 'నేల తాకింది' అని కూడా అన్నాడు."

తెల్లారగానే మేనేజర్ ఆ కుర్చీ తీసి పారేయమని మనుషుల్ని పంపాడు. పిన్ని దానిమీద చెయ్యేసి నిలబడింది.

"పారేయడమెందుకు, పట్టుకెళ్లి మీ మేనేజర్ గదిలో వెయ్యండి. పెద్దాయన ఇకనుంచి అక్కడే కూర్చుంటాడు."

కుర్చీ ఇప్పటికీ మేనేజర్ గదిలోనే ఉంది. ఆడపిల్లల మ్యాచ్ మళ్లీ మధ్యలో ఆగలేదు.