మూడో స్తంభంలో మనిషి

మల్కాపురం అవతల ఉప్పుటేరు మీద ఒక వంతెనుంది. పొద్దుగూకితే దాని మూడో స్తంభం దగ్గర మగాళ్లు కూడా ఆగరు. ఆ స్తంభం మూలుగుతుంది మరి! కాంక్రీటు పోసినరోజు శ్రీరామ్మూర్తి అనే కూలీ అందులో పడిపోయాడనీ, లోపల్నించి వాడే మూలుగుతున్నాడనీ చెప్పుకుంటారు.

ఆ మాట నమ్మి వాళ్లావిడ ఆదిలక్ష్మమ్మ బొట్టు తీసేసింది. అలాగని భయపడిందా? అబ్బే! ఆ స్తంభం మొదట్లోనే చేపల బుట్ట దించి బేరం పెట్టింది. ప్రతి అమావాస్యకీ అక్కడే విస్తరి వేసి అన్నం పెట్టింది. ఎవడైనా దెయ్యం అని నోరు జారాడో, వాడి పని అయిపోయినట్టే.

మొన్నామధ్య వంతెన గట్టిదనం చూడ్డానికి నాగశ్రీ అనే ఇంజనీరమ్మ వచ్చింది. రాత్రి లారీలన్నీ ఆపించింది. స్తంభానికి చిన్న గాటైనా పెట్టకుండా, ఒకవైపు నుంచి శబ్దం పంపి రెండోవైపు అందుకుని, లోపలున్నదాన్ని తెరమీద బొమ్మగా చూపించే యంత్రం ఆవిడది.

ఆదిలక్ష్మమ్మ వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పాపా... మా ఆయన లోపలున్నాడో లేదో సూసి సెప్పవా? ఏదైనా నాను తట్టుకుంటాను."

"చూస్తాను పిన్నీ."

యంత్రం మెల్లగా పైకి జరుగుతోంది... అప్పుడు మొదలైంది.

ఊఁ... ఊఁ...

"లారీల బరువుకి వచ్చే చప్పుడు పిన్నీ, అది—" అంటూనే నాగశ్రీ ఆగిపోయింది. వంతెన మీద ఒక్క లారీ లేదు. అయినా పని మాత్రం ఆపలేదు.

చాలాసేపటికి గుసగుసగా అంది. "మనిషి పడుంటే ఆ మేర బోలుగా కనబడాలి. ఎక్కడా లేదు పిన్నీ. సిమెంటు, ఇనుపచువ్వలు... అంతే."

"ఐతే... ఎవరూ పడనేదా?"

"ఎవరూ పడలేదు."

ఆదిలక్ష్మమ్మకి అప్పుడు అర్థమైంది. పడలేదంటే, ఆరోజు పనిలోంచి తనంతట తానే నడిచి వెళ్లిపోయాడు. ఎక్కడో, ఇంకెవరితోనో సుఖంగా ఉండే ఉంటాడు. తనేమో ఇన్నేళ్లూ ఈ రాయికి అన్నం పెట్టింది! ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

ఊఁ... ఊఁ... ఈసారి మరీ దగ్గరగా, జాలిగా.

నాగశ్రీ కెవ్వుమని వెనక్కి గెంతింది. ఆదిలక్ష్మమ్మ కొంగు నడుముకి బిగించి ముందుకే నడిచింది. స్తంభాన్ని అరచేత్తో ఛెళ్లున కొట్టింది.

"ఒరే! నువ్వెవడివో గానీ, నా మొగుడివి కావంట! ఇన్నాళ్లూ నా సేతికూడు తిన్నావు, సాల్లే. ఇంక నోర్ముయ్!"

మూలుగు టక్కున ఆగిపోయింది.